బొమ్మలో ఆకారాన్ని నింపడం, విడదీయడం, బయటికి తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో చదివే పిల్లలు ప్రాజెక్టుల సీజన్‌లో నన్ను అడిగే ప్రశ్నలివి. రైస్ మిల్లు నడిపే ఒకాయన, రొయ్యల చెరువులున్న మా బంధువు అడిగినవి కూడా ఇందులో ఉన్నాయి. అందరూ ముందు కోడ్ అడుగుతారు. నేను మాత్రం గట్టు గురించి అడుగుతాను. ఆకారం అంటే దాని చుట్టూ ఉన్న గట్టే. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మీరు వేలుపెట్టి చూపించలేకపోతే ఏ ప్రోగ్రామూ చూపించలేదు. కింది జవాబులన్నీ పైథాన్ భాషనూ, బొమ్మల పనికి పనికొచ్చే ఓపెన్ సీవీ అనే లైబ్రరీనీ వాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. పద్ధతులు మాత్రం ఏ భాషలోనైనా అవే.

నింపడం, విడదీయడం, బయటికి తీయడం ఒకటే కదా?

కాదు. సంక్రాంతి ముగ్గు ఫొటో ఒకటి తీసుకోండి. ఒక రేకు లోపల వేలుపెట్టి అక్కడి నుంచి గీత వరకు రంగు పరిస్తే అది నింపడం, అంటే ఫిల్లింగ్. ఫొటోలోని ప్రతి పిక్సెల్‌నూ, అంటే ప్రతి చుక్కనూ, పట్టుకుని ఇది ముగ్గుపిండి, ఇది పేడనీళ్లు చల్లిన నేల, ఇది గొబ్బెమ్మ అని తేల్చడం విడదీయడం, అంటే సెగ్మెంటేషన్. ఆ రేకు అంచు ఏయే బిందువుల మీదుగా పోతోంది, దాని వైశాల్యం ఎంత, పొడవెంత అని అంకెల్లో రాసుకోవడం బయటికి తీయడం. చాలా ప్రాజెక్టుల్లో ముందు విడదీసి, తర్వాత చిల్లులు నింపి, చివర ఆకారాన్ని తీస్తాం. వరుస ఇది కాబట్టి మొదటి మెట్టులో జరిగిన తప్పు చివరి అంకె దాకా వస్తుంది.

కంప్యూటర్‌కి బొమ్మ ఎలా కనిపిస్తుంది?

అంకెల పట్టికలా. 4000 నిలువు వరుసలు, 3000 అడ్డ వరుసలు ఉన్న ఫోన్ ఫొటోలో 1.2 కోట్ల పిక్సెళ్లుంటాయి. రంగు ఫొటో అయితే ఒక్కోదానికి మూడు అంకెలు, ఒక్కొక్కటీ 0 నుంచి 255 లోపు. ఇక్కడ కొత్తవాళ్లు రెండు చోట్ల తడబడతారు. ఓపెన్ సీవీ రంగులను నీలం, ఆకుపచ్చ, ఎరుపు అనే వరుసలో చదువుతుంది. మిగతా లైబ్రరీలు చాలావరకు ఎరుపుతో మొదలుపెడతాయి. అందుకే టమోటా నీలంగా కనిపిస్తుంది. రెండోది, పట్టికలో ముందు అడ్డ వరుస నంబరు, తర్వాత నిలువు వరుస నంబరు చెప్పాలి. గీతలు గీసే ఫంక్షన్లకు మాత్రం ముందు ఎక్స్, తర్వాత వై ఇవ్వాలి. రంగు మీరు చూపిన చోట కాకుండా మరో మూల నిండుతుంటే ముందు ఈ రెండూ తారుమారయ్యాయేమో చూడండి.

ఫ్లడ్ ఫిల్ లోపల ఏం జరుగుతుంది?

కయ్యకు నీళ్లు పెట్టినట్టే. మడవ దగ్గర మొదలైన నీళ్లు పక్కనున్న పల్లానికి పాకి, అక్కడి నుంచి దాని పక్కకు పాకి, గెనిమ తగిలేదాకా పోతాయి. ప్రోగ్రాములో మడవ అంటే మీరు ఎంచుకున్న మొదటి పిక్సెల్. దానికి పైన, కింద, ఎడమ, కుడి ఉన్న నాలుగింటినీ చూస్తుంది. రంగు సరిపోయి, ఇంకా నిండకుండా ఉన్నవాటిని నింపుతుంది. ఆ నాలుగూ మళ్లీ తమ పక్కవాటిని చూస్తాయి. ఇక పాకే చోటు లేనప్పుడు ఆగిపోతుంది.

నేనే ఫ్లడ్ ఫిల్ రాశాను. చిన్న బొమ్మకు పనిచేసింది, పెద్ద బొమ్మకు ఎర్రర్ వచ్చింది. ఎందుకు?

ఫంక్షన్ తనను తానే పిలుచుకునేలా రాసి ఉంటారు. పైథాన్‌లో అలా ఒకదానిలో ఒకటిగా పిలుచుకునే లోతుకు మామూలుగా 1000 వరకే అనుమతి. 40 పిక్సెళ్ల పొడవు, 40 పిక్సెళ్ల వెడల్పున్న గడిలోనే 1600 పిక్సెళ్లున్నాయి. ఆ హద్దును పెంచి నెట్టుకురావద్దు. మెమరీ చాలక ప్రోగ్రామే కూలిపోతుంది. నింపాల్సిన పిక్సెళ్లను మీరే ఒక లిస్టులో పెట్టుకుని, ఒక్కోటి తీస్తూ, దాని పక్కవాటిని చేరుస్తూ, లిస్టు ఖాళీ అయ్యేదాకా తిప్పండి. లిస్టులో చేర్చేటప్పుడే ‘నిండింది’ అని గుర్తు పెట్టాలి. బయటికి తీసేటప్పుడు పెడితే ఒకే పిక్సెల్ మూడు నాలుగు సార్లు చేరి లిస్టు ఊరికే ఉబ్బిపోతుంది. ఇంకా వేగం కావాలంటే ఒక్కో పిక్సెల్ కాకుండా అడ్డంగా ఒక వరుస మొత్తం నింపి, పై వరుసనూ కింది వరుసనూ చూసే స్కాన్‌లైన్ పద్ధతి ఉంది.

రంగు గీత దాటి బొమ్మంతా పాకుతోంది. ఏం చేయాలి?

గండి పడింది. అది ఎక్కడ పడిందో వెతకాలి. నాకు అన్నిటికన్నా ఎక్కువ వచ్చే ప్రశ్న ఇదే కాబట్టి వివరంగా చెబుతాను.

మొదటి అనుమానం గీత మీదే. చేత్తో వేసిన ముగ్గులో, పెన్సిల్ ప్లానులో, పాత ఎఫ్‌ఎంబీ (పొలం సర్వే కొలతల పటం) స్కానులో గీత ఎక్కడో ఒక పిక్సెల్ మేర తెగి ఉంటుంది. కంటికి కనపడదు. నీళ్లకు ఆ సందు చాలు. దాన్ని పట్టుకోవడానికి నేను ఒక పని చేస్తాను. నింపే క్రమంలో ప్రతి పిక్సెల్‌కూ అది ఎన్నో అడుగులో నిండిందో నంబరు రాసుకుంటాను. లిస్టులో ముందు చేరినదాన్ని ముందు తీసే పద్ధతిలో మాత్రమే ఇది కుదురుతుంది. తర్వాత ఆ నంబర్లను రంగులుగా మార్చి చూస్తే, రంగు ఒక ఇరుకు సందులోంచి విసనకర్రలా విచ్చుకున్న చోటు కనిపిస్తుంది. గండి అక్కడే. తెలిశాక గీతను ఒకటి రెండు పిక్సెళ్లు లావు చేసి నింపండి. నిండాక, లావు చేసినంత మేర నింపిన భాగాన్ని మళ్లీ అసలు గీత వరకు పెంచండి. అప్పుడు వైశాల్యం తగ్గిపోదు.

రెండో అనుమానం, పక్కపిక్సెల్ అంటే ఏమిటో మీరు ఇచ్చిన నిర్వచనం మీద. నాలుగు దిక్కులే చూస్తే ఒక లెక్క, మూలలు కూడా కలిపి ఎనిమిది చూస్తే ఇంకో లెక్క. ఒక్క పిక్సెల్ మందంతో ఏటవాలుగా పోయే గీత మెట్లు మెట్లుగా ఉంటుంది. ఎనిమిది దిక్కుల నీళ్లు ఆ మెట్ల మూలల్లోంచి దూరిపోతాయి. నాలుగు దిక్కుల నీళ్లు దూరలేవు. అందుకే గీతను ఎనిమిది దిక్కులతో, నింపడాన్ని నాలుగు దిక్కులతో చూడాలన్నది ఈ రంగంలో పాత నియమం. రెండిటికీ ఒకే లెక్క వాడితే ఎక్కడో ఒకచోట బెడిసికొడుతుంది.

మూడోది టాలరెన్స్, అంటే రంగు ఎంత తేడా ఉన్నా పరవాలేదని మీరు ఇచ్చే అంకె. ఓపెన్ సీవీ ఫ్లడ్ ఫిల్ మామూలుగా కొత్త పిక్సెల్‌ను ఇంతకుముందే నిండిన దాని పక్క పిక్సెల్‌తో పోల్చుతుంది, మీరు మొదలుపెట్టిన పిక్సెల్‌తో కాదు. సాయంత్రపు ఆకాశంలా రంగు మెల్లగా మారే చోట, అడుగడుగుకీ తేడా చిన్నదే కాబట్టి, ఆ చివరిదాకా పాకేస్తుంది. ఫిక్స్‌డ్ రేంజ్ అనే ఫ్లాగ్ పెడితే ప్రతి పిక్సెల్‌నూ మొదటిదానితోనే పోల్చుతుంది. సగం గండ్లు ఈ ఒక్క మార్పుతో పూడిపోతాయి.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. రంగు గీత దాకా వెళ్లకుండా, గీత వెంబడి తెల్లటి తునకలు మిగిలిపోతాయి. అది జేపెగ్ చేసే పని. ఫైలు సైజు తగ్గించేటప్పుడు అంచుల దగ్గర రంగులను అలుకుతుంది. గీతల బొమ్మలను పీఎన్‌జీలో దాచుకోండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చినదాన్ని అసలు వాడొద్దు. డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఒక చిన్న సంగతి. ఓపెన్ సీవీ ఫ్లడ్ ఫిల్‌కు మాస్క్ (ఏ పిక్సెళ్లు లెక్కలోకి వస్తాయో, ఏవి రావో తెలుపు నలుపుల్లో చూపే మరో బొమ్మ) ఇస్తే అది బొమ్మకన్నా పొడవులో రెండు, వెడల్పులో రెండు పిక్సెళ్లు పెద్దదిగా ఉండాలి. సరిగ్గా బొమ్మంతే ఇచ్చి ఎర్రర్ చూసి టెన్షన్ పడేవాళ్లు చాలామంది.

వస్తువు లోపల మిగిలిన చిల్లులు ఎలా పూడ్చాలి?

తిరగేసి ఆలోచించండి. వస్తువు తెల్లగా, నేపథ్యం నల్లగా ఉన్న మాస్క్‌లో వస్తువును వదిలేసి, బొమ్మ మూల నుంచి బయటి నేపథ్యాన్ని నింపండి. నీళ్లు చేరని నల్లటి చోట్లన్నీ వస్తువు లోపలి చిల్లులే. వాటిని తీసి అసలు మాస్క్‌తో కలిపితే సరి. వస్తువే మూలకు ఆనుకుని ఉంటే మాత్రం ఇది దెబ్బతింటుంది. అందుకని నింపే ముందు బొమ్మ చుట్టూ ఒక పిక్సెల్ నల్లటి అంచు కట్టి, అయిపోయాక కత్తిరించేయండి. గారె లాంటి వస్తువైతే, మధ్య చిల్లు నిజమైనదే కదా. పూడ్చే ముందు అది ఆలోచించుకోవాలి.

థ్రెషోల్డ్ ఎంత పెట్టాలి? ఇంటర్నెట్‌లో అందరూ 127 అంటున్నారు.

థ్రెషోల్డ్ అంటే వస్తువునూ నేపథ్యాన్నీ వేరుచేయడానికి వెలుగు విలువను కోసే చోటు. 127 అంటే 255లో సగం, అంతే. మీ ఫొటోకూ దానికీ ఏ సంబంధమూ లేదు. హిస్టోగ్రామ్, అంటే ఏ విలువతో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే పటం, గీసి చూడండి. రెండు దిబ్బలు, మధ్యలో పల్లం కనిపిస్తే పల్లం దగ్గర కోయాలి. ఆ పని మీ బదులు చేసేది ఓట్సు పద్ధతి. జపాన్‌కు చెందిన నొబుయుకి ఓట్సు 1979లో ప్రచురించారు. ప్రతి విలువ దగ్గరా కోసి చూసి, రెండు గుంపుల సగటుల మధ్య తేడా అన్నిటికన్నా బలంగా ఉన్నచోట ఆగుతుంది. రెండు దిబ్బలూ చెప్పుకోదగ్గ సైజులో ఉన్నప్పుడే దాన్ని నమ్మొచ్చు. వస్తువు ఫొటోలో నూటికి ఒకటి రెండు వంతులే ఉంటే దాని దిబ్బ కనిపించనే కనిపించదు, ఓట్సు నేపథ్యాన్నే రెండు ముక్కలు చేస్తుంది.

ఒక పక్క వెలుతురు, ఒక పక్క నీడ ఉన్న ఫొటోకు ఒకే అంకె ఎప్పటికీ సరిపోదు. అప్పుడు అడాప్టివ్ థ్రెషోల్డ్ వాడాలి. అది ప్రతి పిక్సెల్‌నూ తన చుట్టుపక్కల సగటుతో పోల్చుతుంది. ఆ చుట్టుపక్కల అనే గడి సైజు బేసి సంఖ్య కావాలి, మీ వస్తువుకన్నా పెద్దది కావాలి. చిన్నదైతే వస్తువు మధ్యలో బోలుగా వస్తుంది.

పండిన నిమ్మకాయలను పచ్చివాటి నుంచి రంగుతో విడదీయొచ్చా?

విడదీయొచ్చు. పొదలకూరు నిమ్మ మార్కెట్‌లో కాయలను చూసే కన్ను చేసే పని అదే కదా. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల మీద కాకుండా హెచ్‌ఎస్‌వీలోకి మార్చి పనిచేయండి. అందులో రంగు ఒక అంకె, గాఢత ఒక అంకె, వెలుగు ఒక అంకె. నీడ పడితే మూడోది ఎక్కువ మారుతుంది, మొదటిది అంతగా మారదు. ఓపెన్ సీవీలో రంగు అంకె 0 నుంచి 179 వరకే ఉంటుంది, 360 దాకా కాదు. ఎరుపు ఈ వృత్తం రెండు చివర్లలోనూ ఉంటుంది. మిరపకాయలు వెతికితే 0 దగ్గర ఒక మాస్క్, 179 దగ్గర ఒక మాస్క్ తీసి కలపాలి.

బియ్యం గింజలు లెక్కపెట్టి నూకల శాతం చెప్పాలి. గింజలు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. ఎలా?

ఈ జిల్లాలో ఈ ప్రాజెక్టు ఎవరో ఒకరు ప్రతి ఏడూ చేస్తారు. చేయాలి కూడా. బాగా చేస్తే మిల్లుకూ రైతుకూ ఇద్దరికీ ఉపయోగం. అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను.

పుస్తకాల్లో చెప్పే దారి వాటర్‌షెడ్. పేరే మన భూమి భాష. వెలిగొండలకు పడమట పడిన వాన సగిలేరు మీదుగా పెన్నకు పోతుంది, తూర్పు వాలున పడింది మన్నేరు లాంటి ఏర్ల వెంట నేరుగా సముద్రానికి పోతుంది. రెంటినీ విడదీసేది కొండ శిఖరం గీత. బొమ్మలో కూడా అలాంటి గీత కావాలి. ముందు ప్రతి తెల్ల పిక్సెల్‌కూ దగ్గరి నల్ల పిక్సెల్ ఎంత దూరమో కొలుస్తాం. గింజ నడిమధ్యన ఆ దూరం ఎక్కువ, అంచుల్లో తక్కువ, రెండు గింజలు తాకే మెడ దగ్గరా తక్కువే. దాన్ని తలకిందులు చేస్తే గింజల నడుములు గుంతలవుతాయి. ప్రతి గుంతకూ ఒక నంబరు ఇచ్చి నీళ్లు ఊరనిస్తాం. రెండు గుంతల నీళ్లు కలవబోయే చోట గట్టు కడతాం. ఓపెన్ సీవీలో ఆ గట్టు పిక్సెళ్లకు మైనస్ 1 వస్తుంది, ఇంకా తేల్చని చోట్లకు ముందుగా మీరే 0 పెట్టాలి.

గుండ్రటి వస్తువులకు ఇది చక్కగా పనిచేస్తుంది. బియ్యం గుండ్రం కాదు. పొడుగాటి గింజలో ఆ దూరాల శిఖరం ఒకటి కాదు, నడుము పొడవునా రెండు మూడు చిన్న శిఖరాలు లేస్తాయి. ప్రోగ్రాము ఒక్కో శిఖరాన్నీ ఒక గింజ అనుకుని మంచి గింజను రెండు ముక్కలు చేస్తుంది. అంటే తప్పు ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంది, నూకల వైపు. మొదటిసారి ఒక మిల్లు శాంపిల్ మీద నేను నడిపినప్పుడు, చేత్తో ఏరి లెక్కపెట్టిన దానికి దాదాపు రెట్టింపు నూకలు చూపించింది. ఆ అంకె పట్టుకుని ఎవరైనా రైతుకు ధర కోసి ఉంటే అన్యాయం జరిగేది. అప్పటి నుంచి ఈ ప్రాజెక్టుకు వాటర్‌షెడ్ వద్దనే చెబుతున్నాను.

మరి ఏం చేయాలి? గింజలు అంటుకోకుండా పరచాలి. కోడ్‌తో పది రోజులు కుస్తీ పట్టే బదులు బ్రష్‌తో పది నిమిషాలు సర్దండి. జిరాక్స్ షాపులో ఉండే ఫ్లాట్‌బెడ్ స్కానర్ దీనికి మంచి సాధనం. అద్దం మీద పారదర్శకమైన షీటు వేసి, గింజలు పరిచి, పైన నల్ల కాగితం కప్పి 600 డీపీఐలో స్కాన్ చేయండి. వెలుతురు అంతటా ఒకటే, నీడలు తక్కువ. పైగా కొలత కూడా ముందే తెలుసు. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, అందులో 600 పిక్సెళ్లు, కాబట్టి పిక్సెల్‌కు 0.042 మిల్లీమీటర్లు. ఐదున్నర మిల్లీమీటర్ల గింజ దాదాపు 130 పిక్సెళ్లు వస్తుంది. ఫోన్‌తోనే తీయాల్సి వస్తే సరిగ్గా పైనుంచి తీయండి, పక్కన 10 రూపాయల నాణెం పెట్టండి. దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. అదే మీ స్కేలు.

ఆ తర్వాత ఒక్కో మచ్చకూ పొడవు కొలవండి. వైశాల్యం మామూలు గింజకన్నా బాగా పెద్దగా ఉన్న మచ్చలు జంట గింజలని అర్థం. వాటిని విడదీయబోకుండా లెక్కలోంచి తీసేసి, ఎన్ని తీసేశారో రిపోర్టులో రాయండి. పూర్తి గింజ పొడవులో మూడొంతులకన్నా తక్కువ ఉన్నది నూక. ఆ పూర్తి గింజ పొడవును కూడా అదే శాంపిల్‌లోంచి తీసుకోవాలి. నెల్లూరు మసూరి అని పిలిచే ఎన్‌ఎల్‌ఆర్ 34449కు పెట్టిన అంకె వేరే రకానికి సరిపోదు.

ఎరోషన్, డైలేషన్, ఓపెనింగ్, క్లోజింగ్… ఏది ఎప్పుడు?

ఎరోషన్ గట్టును లోపలికి కోస్తుంది, డైలేషన్ బయటికి పెంచుతుంది. ముందు కోసి తర్వాత పెంచితే ఓపెనింగ్, చిన్న చుక్కలు పోతాయి. ముందు పెంచి తర్వాత కోస్తే క్లోజింగ్, చిన్న సందులు పూడుతాయి.

ఈ గణితం పుట్టింది రాళ్ల దగ్గరే. 1964లో పారిస్ గనుల విద్యాసంస్థలో జార్జ్ మాథెరాన్, జాన్ సెర్రా ఇనుప ఖనిజం ముక్కల్లో ఏ భాగం ఎంత ఉందో కొలవడానికి దీన్ని కట్టారు. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి పక్కన ఉండి ఈ పాఠం చదివే పిల్లలకు నేను ఇది తప్పకుండా చెబుతాను. అక్కడి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలక ఫొటో తీసి, నల్లరాతిలో బంగారు చుక్కలు ఎన్ని, ఎంత ఒత్తుగా ఉన్నాయో లెక్కపెట్టడం నాకు చాలా ఇష్టమైన అభ్యాసం. పైన చెప్పినట్టు చుక్కలు పలకలో కొద్ది భాగమే కాబట్టి ఓట్సు ఇక్కడ తప్పుతుంది. టాప్ హ్యాట్ వాడండి. అసలు బొమ్మలోంచి ఓపెనింగ్ చేసిన బొమ్మను తీసివేయడమే అది. చుక్కకన్నా పెద్ద గడితో ఓపెనింగ్ చేస్తే చుక్కలు పోయి వెలుతురు తేడా మాత్రం మిగులుతుంది. తీసివేస్తే ఆ తేడా పోయి చుక్కలు మిగులుతాయి. మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. వెలుతురు పడే కోణం మారితే కొన్ని చుక్కలు మెరుస్తాయి, కొన్ని ఆరిపోతాయి. పలకను కదపకుండా లైటును మూడు నాలుగు వైపుల నుంచి వేసి తీసి, ప్రతి పిక్సెల్‌కూ అన్నిట్లో ఎక్కువ విలువను తీసుకోండి. పాలిష్ మీద లైటు బల్బే ప్రతిఫలించిన చోట్లను మాత్రం ముందే చేత్తో తప్పించాలి.

కాంటూర్లు వాడాలా, కనెక్టెడ్ కాంపొనెంట్స్ వాడాలా?

ఎన్ని ఉన్నాయి, ఒక్కోటి ఎంత పెద్దది అని మాత్రమే కావాలంటే కనెక్టెడ్ కాంపొనెంట్స్ (ఒకదానికొకటి తగిలి ఉన్న పిక్సెళ్ల మచ్చలు) చాలు. ఒక్క పిలుపుతో ప్రతి మచ్చకూ నంబరు, వైశాల్యం, చుట్టూ పెట్టె, మధ్యబిందువు ఇస్తుంది. 0 నంబరు నేపథ్యం, దాన్ని లెక్కలో కలపొద్దు. అంచు రూపం కావాలంటే కాంటూర్లు, అంటే అంచు వెంట పోయే బిందువుల వరుసలు. ఓపెన్ సీవీలో ఉన్నది 1985లో సుజుకి, అబె రాసిన పద్ధతి. అది నల్ల నేపథ్యం మీద తెల్ల వస్తువును వెతుకుతుంది. తెల్ల కాగితం మీద నల్ల బొమ్మను నేరుగా ఇస్తే కాగితం అంచే మొదటి ఆకారంగా వస్తుంది. పద్మంలో పద్మం ఉన్న ముగ్గులకు హైరార్కీ అడగండి, ఏది దేనిలో ఉందో చెబుతుంది.

వైశాల్యం విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. 10 పిక్సెళ్ల పొడవు, 10 వెడల్పు ఉన్న చతురస్రంలో పిక్సెళ్లు 100. అదే కాంటూర్ వైశాల్యం అడిగితే 81 అంటుంది. కాంటూర్ గీత అంచు పిక్సెళ్ల మధ్యబిందువుల మీదుగా పోతుంది కాబట్టి భుజం 9 అయింది. పెద్ద ఆకారాల్లో ఇది కనపడదు, బియ్యం నూకల్లో కనపడుతుంది. ప్రాజెక్టు మొత్తం ఒకే కొలత వాడండి.

ఆకారం గుండ్రమో, నాలుగు పలకలో ఎలా తెలుసుకోవాలి?

గుండ్రానికి ఒక సూత్రం ఉంది. వైశాల్యాన్ని నాలుగు పైలతో గుణించి, చుట్టుకొలత వర్గంతో భాగించండి. 1కి దగ్గరైతే గుండ్రం, తగ్గేకొద్దీ పొడుగో, గరుకో. మూలలు లెక్కపెట్టడానికి డగ్లస్-పోయికర్ పద్ధతి ఉంది, అది అంచులోని చిన్న వంకరలను వదిలేసి మూలలను మిగులుస్తుంది. చుట్టుకొలతలో నూటికి రెండు వంతుల సడలింపుతో మొదలుపెట్టి సర్దుకోండి.

ఉపగ్రహ చిత్రంలోంచి మన రొయ్యల చెరువులు తీయొచ్చా?

మా బంధువు అడిగింది ఇదే. తీయొచ్చు, కానీ ఏది తెలుస్తుంది, ఏది తెలియదు అన్నది ముందు చెప్పుకోవాలి. సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహాల చిత్రాలు ఉచితం. అందులో ఆకుపచ్చ బ్యాండు, కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండు తీసుకోండి. నీరు ఇన్‌ఫ్రారెడ్‌ను మింగేస్తుంది, మొక్కలు తిప్పి పంపుతాయి. ఆకుపచ్చలోంచి ఇన్‌ఫ్రారెడ్‌ను తీసివేసి, రెండిటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీడబ్ల్యూఐ అనే నీటి సూచిక, 1996 నుంచి వాడుకలో ఉంది. 0కి పైనుంటే చాలావరకు నీరు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు చూస్తే చెరువులు తెల్లగా తేలతాయి.

ఇక్కడా గట్టే సమస్య. ఈ చిత్రంలో ఒక పిక్సెల్ నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఎకరం చెరువుకు దాదాపు 40 పిక్సెళ్లు వస్తాయి. రెండు చెరువుల మధ్య గట్టు రెండు మూడు మీటర్లే. పిక్సెల్‌లో ముప్పావు నీరు, పావు గట్టు కలిసిపోతాయి, కోడ్‌కు పక్కపక్క చెరువులన్నీ ఒకే పెద్ద మచ్చగా కనిపిస్తాయి. కాబట్టి ఈ చిత్రంతో మొత్తం నీటి విస్తీర్ణం చెప్పండి, చెరువుల సంఖ్య చెప్పకండి. సంఖ్య కావాలంటే ఇంతకన్నా స్పష్టమైన చిత్రం గానీ, డ్రోన్ ఫొటోలు గానీ కావాలి.

ఇంకో చిక్కు, నీరున్నదంతా రొయ్యల చెరువు కాదు. అప్పుడే నాట్లు వేసిన వరి కయ్యలూ, ఉప్పు కొటార్లూ, ఉప్పుటేర్లూ అన్నీ నీరే. ఏడాది పొడవునా చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. వరి కయ్య రెండు నెలల్లో పచ్చబడుతుంది, చెరువు నీరుగానే ఉంటుంది, పట్టుబడి తర్వాత ఎండుతుంది. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మబ్బులతో చిత్రాలు సరిగ్గా దొరకవు. ఆ నెలలకు సెంటినెల్-1 రాడార్ చిత్రాలు వాడండి. మబ్బు దానికి అడ్డు కాదు, కదలని నీరు అందులో నల్లగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఏఐ ఉంది కదా, ఈ పాత పద్ధతులు ఎందుకు?

వాడొచ్చు, వాడండి. 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ నుంచి వచ్చిన యూ-నెట్, 2023లో మెటా విడుదల చేసిన సెగ్మెంట్ ఎనీథింగ్ అనే సెగ్మెంటేషన్ ఏఐ మోడళ్లు పెద్ద మార్పు తెచ్చాయి. రెండోదాన్ని 1.1 కోట్ల బొమ్మలు, 110 కోట్లకు పైగా మాస్కులతో నేర్పించారు. ఆకుల కుప్పలో ఒక ఆకు మీద క్లిక్ చేస్తే ఆ ఆకు ఒక్కటే వస్తుంది, థ్రెషోల్డ్‌తో అది జరిగే పని కాదు. కానీ అది ఇచ్చిన మాస్క్‌లోనూ చిల్లులు పూడ్చాలి, చుక్కలు తీసేయాలి, వైశాల్యం కొలవాలి, స్కేలు కట్టాలి. ఆ పనులన్నీ పైన చెప్పినవే. నల్ల కాగితం మీద తెల్ల బియ్యానికైతే ఏఐ అవసరమే లేదు, నాలుగు వరుసల కోడ్ చాలు. అది ఎందుకు తప్పిందో కూడా మీరు చూపించగలరు.

నా ఫలితం సరైనదేనని ఎలా తెలుస్తుంది?

ముందు కంటితో. మాస్క్ అంచును అసలు ఫొటో మీద పలుచటి ఎర్ర గీతగా గీసి, పెద్దది చేసి చూడండి. మాస్క్‌ను విడిగా నల్లతెల్లల్లో చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి.

తర్వాత అంకెతో. ఓ ఇరవై ఫొటోలకు మీరే చేత్తో అంచు గీయండి. కోడ్ ఇచ్చిన మాస్క్, మీరు గీసిన మాస్క్ రెండిట్లోనూ ఉన్న పిక్సెళ్లను, ఏదో ఒకదానిలోనైనా ఉన్న పిక్సెళ్లతో భాగించండి. దీన్ని ఐఓయూ అంటారు. 1 అయితే పూర్తిగా కలిసినట్టు. నూటికి ఇన్ని పిక్సెళ్లు సరిగ్గా వచ్చాయన్న లెక్క మాత్రం ఇవ్వకండి. చుక్కలు నూటికి రెండు వంతులే ఉన్న పలక మీద ఒక్క చుక్కా పట్టుకోని కోడ్‌కు కూడా 98 శాతం వస్తుంది. కోడ్‌ను సర్దడానికి వాడిన ఫొటోల మీదే పరీక్షించొద్దు. వేరే రోజు, వేరే వెలుతురులో తీసినవి పక్కన పెట్టుకోండి.

నా దగ్గర లాప్‌టాప్ లేదు. నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. మన కోడ్‌ను గూగుల్ కంప్యూటర్ల మీద నడిపే గూగుల్ కొలాబ్ ఫోన్ బ్రౌజర్‌లో కూడా తెరుచుకుంటుంది, ఓపెన్ సీవీ అందులో ముందే ఉంటుంది. అక్కడ బొమ్మను చూపించే మామూలు విండో ఫంక్షన్ పనిచేయదు, కొలాబ్ వాళ్లు ఇచ్చిన దాన్నో, మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే గ్రాఫుల లైబ్రరీనో వాడాలి. ఫొటోను 800 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి సాధన చేయండి. మొదటి అభ్యాసంగా మీ వాకిట్లోని ముగ్గును నడినెత్తి నుంచి ఫొటో తీసి, ఒక్కో గడికీ ఒక్కో రంగు నింపండి. ఎక్కడో ఒకచోట రంగు కారుతుంది. ఆ గండిని వెతికి పూడ్చాక బియ్యం దగ్గరికి రండి.